ఒకే గది, ఒకే బల్ల: గాయపడినవారి ప్రాణరక్షణము

ఘోర ప్రమాదములలో దెబ్బతిన్నవారు మరణించుటకు ముఖ్యకారణములలో రక్తస్రావ మొకటి. పెరిగిన మనుష్యుని దేహమునందు రమారమి 5 లీటర్ల రక్తముండును. గాయమునుండి పైకి కారు రక్తము కంటికి కనబడును గనుక గుడ్డతో నదిమి యాపవచ్చును. కాని కాలేయమో ప్లీహమో పగిలి కడుపులో చేరు రక్తము పైకి కనబడదు. దానిని కనుగొను టెట్లు? కనుగొనిన పిదప త్వరగా నాపు టెట్లు? ఈ రెండు ప్రశ్నలను గూర్చి యిచ్చట విచారింతము.

మొదటి ప్రశ్నకు శాస్త్రజ్ఞులు చక్కని యుత్తర మిచ్చిరి. 1895వ సంవత్సరమున జర్మనీ దేశమునందు రాంట్‌జన్ పండితుడు ఎక్స్ కిరణములను కనిపెట్టెను. 1971లో హౌన్స్‌ఫీల్డు నిర్మించిన సి.టి. యంత్రముతో లండను నగరమున తొలిసారిగా నొక రోగి తలను పరీక్షించిరి. నేడీ యంత్రము దేహములోని యవయవములను పొరలు పొరలుగా చూపుచున్నది.

రెండవ ప్రశ్న యంత సులభము కాదు. సాధారణముగా రోగిని మొదట అత్యవసర చికిత్స గదిలో చూచి, పిదప సి.టి. గదికిని, అచ్చటినుండి ఆపరేషను గదికిని కొనిపోవుదురు. ప్రతిచోటను ఒక బల్లనుండి మరియొక బల్లకు మార్పవలెను. శ్వాసగొట్టము ఊడకుండ చూడవలెను. ఇంతలో లోపలి రక్తము పోవుచునే యుండును.

జపాను దేశమునందలి ఒసాకా జనరల్ మెడికల్ సెంటరు వైద్యులు 2011 ఆగష్టులో దీనికొక యుపాయము చేసిరి. అత్యవసర గదిలోనే సి.టి. యంత్రమును, రక్తనాళములను చూపు ఎక్స్‌రే యంత్రమును, శస్త్రచికిత్సకు కావలసిన సాధనములను అమర్చిరి. రోగి యొకే బల్లపై నుండును, సి.టి. యంత్రమే పట్టాలపై జరిగి యతని యొద్దకు వచ్చును. రక్తము పోవుచోటు తెలిసినంతనే కడుపు తెరచి చికిత్స చేయవచ్చును. లేదా తొడమూలమునందలి ధమనిగుండ సన్నని గొట్టమును పంపి, తెగిన నాళమును మూసివేయవచ్చును. తలకును కడుపునకును ఒకేమారు చికిత్స చేయుటయు సాధ్యమే.

2019లో ఆ వైద్యులు ఫలితములను ప్రకటించిరి. పాతపద్ధతిలో చికిత్సపొందిన 360 మందిని, క్రొత్తగదిలో చికిత్సపొందిన 336 మందిని పోల్చిచూడగా, సి.టి. పరీక్ష మొదలగుటకు పట్టు కాలము 26 నిమిషములనుండి 11 నిమిషములకు తగ్గెను. 28 దినములలో మరణించినవారు నూటికి 22 మందినుండి 15 మందికి తగ్గిరి. అయితే యీ రెండు గుంపులు వేర్వేరు కాలములకు చెందినవి గనుక, మేలంతయు గదివలననే కలిగినదని నిశ్చయింపరాదు. ఇట్టి గదికి ధనవ్యయ మధికము. రేయింబవళ్లు నిపుణులును నర్సులును సిద్ధముగా నుండవలెను. కావున ప్రతి యాసుపత్రికిని ఇది సాధ్యము కాదు.

అయినను ఇందలి నీతి యందరిదియు. నిమిషములను కాపాడుట ప్రాణమును కాపాడుటయే. ఆ నిమిషములు ఆసుపత్రి వాకిట కాదు, దెబ్బతగిలిన చోటనే మొదలగును. మన తెలుగునాట దారిలో నెవరైన పడియున్నచో వెంటనే 108కి ఫోను చేయుదము; కారు రక్తమును శుభ్రమైన గుడ్డతో గట్టిగా నదిమి పట్టుదము; అతని మెడను, వెన్నును కదలింపకుందము. మంచి సమరయుని కథలో ఇద్దరు ప్రక్కగా పోయిరి, మూడవవాడు ఆగెను. గాయపడినవానికి ప్రథమ చికిత్స ఆ ఆగుటయే. మన పాఠశాల బాలబాలికలు దీనిని మరవకుందురు గాక.