ఆర్‌ఓజీ ఎలైలో విండోస్ తీసేయొచ్చా?

ప్రశ్న: నాగోల్ నుంచి హైటెక్ సిటీకి మెట్రోలో వస్తూ ఆసుస్ ఆర్‌ఓజీ ఎలై హ్యాండ్‌హెల్డ్‌లో గేములు ఆడుకుంటాను. స్టేషన్ రాగానే ఆపి, సాయంత్రం ఆన్ చేస్తే గేమ్ క్రాష్ అవుతోంది. స్టీమ్ ఓఎస్ వేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, మాదాపూర్

జవాబు: వేసుకోవచ్చు. గేమ్‌ను ఉన్నచోటే స్లీప్‌లో పెట్టి, బటన్ నొక్కగానే అక్కడి నుంచే అందుకోవడంలో విండోస్ కంటే స్టీమ్ ఓఎస్ చాలా మెరుగు. 2025 మేలో వచ్చిన 3.7 వెర్షన్‌తో, స్టీమ్ ఓఎస్‌ను రూపొందించిన వాల్వ్ సంస్థ ఎలై లాంటి ఏఎండీ పరికరాలకు సపోర్ట్ పెంచింది.

అయితే మీరు ఏం ఆడతారన్నది ముఖ్యం. స్టీమ్ ఓఎస్ లినక్స్ ఆధారితం; వాలరెంట్, ఫోర్ట్‌నైట్ లినక్స్ మీద నడవవు. వాటి యాంటీ చీట్ ఒప్పుకోదు. గేమ్ పాస్ గేములు డౌన్‌లోడ్ చేసుకోలేరు, క్లౌడ్‌లోనే ఆడాలి. స్నేహితులతో రోజూ ఇవే ఆడేవారైతే విండోస్ వదలకండి.

మారాలనుకుంటే, మొదట మైక్రోసాఫ్ట్ ఖాతాలోంచి బిట్‌లాకర్ రికవరీ కీ రాసి పెట్టుకోండి. సెక్యూర్ బూట్ ఆపాక విండోస్ ఆ కీ అడుగుతుంది. చాలామంది ఇరుక్కునేది అక్కడే. తర్వాత 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో వాల్వ్ రికవరీ ఇమేజ్ ఎక్కించి, టైప్-సి హబ్‌తో తగిలించండి. వాల్యూమ్ తగ్గించే బటన్ పట్టుకుని పవర్ నొక్కితే బయోస్ తెరుచుకుంటుంది. అక్కడ సెక్యూర్ బూట్ ఆపి, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయండి. ఇన్‌స్టాలేషన్‌లో ఎస్‌ఎస్‌డీ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది కాబట్టి సేవ్ ఫైళ్లు ముందే కాపీ చేసుకోండి.

నచ్చకపోతే బయోస్‌లోని ఆసుస్ క్లౌడ్ రికవరీతో విండోస్ మళ్లీ వేసుకోవచ్చు. దానికి ఇంటి వైఫై వాడండి, ఆఫీసుది వద్దు.