హొసకోటెలో లాన్ కోత, సంరక్షణ పని ఎలా మొదలుపెట్టాలి?

హొసకోటె చుట్టుపక్కల ఇప్పుడు లాన్‌లకు కొదవ లేదు. పాత మద్రాసు రోడ్డు వెంట విల్లా లేఅవుట్లు, బూదిగెరె క్రాస్ వైపు అపార్ట్‌మెంట్లు, పిల్లగుంప పారిశ్రామికవాడలో ఫ్యాక్టరీ గేట్ల వెనక పచ్చిక. చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే కూడా ఇక్కడే మొదలవుతుంది కాబట్టి ఈ పని ఇంకా పెరిగేదే. ఈ తాలూకాలో కన్నడంతో పాటు తెలుగు కూడా చాలామందికి అలవాటే. మదనపల్లె, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్లకు పని అడగడానికి భాష అడ్డు కాదు.

మిషన్ కొనే ముందు ఒక సంగతి మనసులో పెట్టుకుందాం. ఇక్కడ గడ్డి గట్టిగా పెరిగేది వానలున్న ఆరు నెలలే. నవంబరు దాటాక ఎదుగుదల మందగిస్తుంది, మార్చికి నీళ్లకే కటకట. కోత మీదే బతుకుదామంటే మిగతా ఆరు నెలలు చేతులు కట్టుకుని కూర్చోవాలి. అందుకే మనం ఏడాది పొడవునా సంరక్షణ ఒప్పుకుందాం. కోత అందులో ఒక భాగం.

కావలసినవి

మొదటి ఏడాదికి ఇవి చాలు:

- చక్రాల మీద నడిచే రోటరీ మోవర్ ఒకటి. ఎత్తు మార్చుకునే లీవర్ ఉండాలి.
- గోడ అంచులకు, చెట్ల మొదళ్లకు బ్రష్ కట్టర్.
- పొడవాటి కత్తెర, దంతె, కలుపు తీసే చిన్న గునపం, గోనె సంచులు.
- కళ్లద్దాలు, చెవులకు రక్షణ, ముందు భాగం గట్టిగా ఉండే బూట్లు.
- యాభై అడుగుల టేపు, నోటు పుస్తకం.

కరెంటు మోవర్ చవక, శబ్దం తక్కువ. కానీ వైరు ఎప్పుడూ మన వెనకే ఉండాలి, భుజం మీదుగా వేసుకుని నడవాలి. గడ్డి తడిగా ఉంటే దాన్ని ముట్టుకోవద్దు. పెద్ద స్థలాలకు పెట్రోలు మోవర్ మేలు. కొనే చోటే బ్లేడు సాన పట్టేవాళ్లు, విడిభాగాలు దొరుకుతాయా అని అడగండి. మిషన్ ఎంత మంచిదైనా వానాకాలంలో వారం పాటు రిపేరులో కూర్చుంటే పని పోతుంది.

టూ స్ట్రోక్ బ్రష్ కట్టర్‌లో వట్టి పెట్రోలు పోస్తే ఇంజన్ పట్టేస్తుంది. ఆయిల్ ఎంత కలపాలో దాని పుస్తకంలో ఉంటుంది, ఆ కొలతే పాటించండి.

డబ్బు చాలకపోతే ముద్రా పథకంలో శిశు రుణం 50,000 రూపాయల దాకా ఉంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, దానికి ఎవరికీ కమిషన్ ఇవ్వకండి. మనలాంటి సేవలకు ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ తప్పనిసరి కాదు.

పద్ధతి

1. గడ్డిని గుర్తుపట్టండి. మోకాళ్ల మీద కూర్చుని చేత్తో తడిమి చూద్దాం. వినాయక చవితికి వాడే గరికే లాన్‌లో బెర్ముడా గడ్డి. ఎండ బాగా కావాలి, అంగుళం ఎత్తున కోసినా తట్టుకుంటుంది. కొరియన్ గడ్డి మెత్తగా, దట్టంగా, గుబ్బలు గుబ్బలుగా ఉంటుంది. దాన్ని నేలమట్టంగా కోస్తే గోధుమరంగు మచ్చలు పడి చాలా రోజులు పోవు. మామిడి చెట్టు నీడలో గరిక పెంచి ఇస్తామని మాత్రం ఎవరికీ మాట ఇవ్వకండి.

2. కొలవండి. టేపు పట్టి పొడవు, వెడల్పు రాసుకోండి. ఇంటి యజమాని చెప్పే లెక్కలో కార్ పార్కింగు కూడా కలిసిపోతుంటుంది.

3. ఖాళీగా ఒకసారి నడవండి. మిషన్ ఆన్ చేయకముందే లాన్ అంతా తిరిగి రాళ్లు, తీగ ముక్కలు, పిల్లల బొమ్మలు ఏరేయండి. స్ప్రింక్లర్ తలలు ఎక్కడున్నాయో చూసి పక్కన పుల్ల గుచ్చండి. బ్లేడు కింద పడిన గులకరాయి ఎగిరి కారు అద్దం పగలగొట్టగలదు, కన్ను పోగొట్టగలదు. ఆ పూట పిల్లల్ని, కుక్కల్ని లోపలే ఉంచమని ఇంటివాళ్లకు చెప్పాలి.

4. మూడో వంతే కోయండి. ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యం ఇదే. అంగుళంన్నర ఉంటే అంగుళానికి దించండి. మూడంగుళాలు పెరిగిపోయిన గడ్డిని ఒకే రోజు అంగుళానికి దించితే ఆకు పోయి కాడలే మిగులుతాయి, వేరు బలహీనపడుతుంది, ఆ సందులో కలుపు దూరుతుంది. ముందు రెండంగుళాలకు, నాలుగైదు రోజులాగి ఇంకాస్త. యజమాని తొందరపెట్టినా కారణం చెప్పి ఒప్పించండి.

మంచు ఆరాకే మొదలుపెట్టండి. వరుసలు కొద్దిగా ఒకదాని మీద ఒకటి పడేలా నడవండి. ఈసారి తూర్పు పడమరగా వెళ్తే వచ్చేసారి ఉత్తర దక్షిణంగా. కోసిన కొసలు తెల్లగా, పీచుపీచుగా కనిపిస్తే బ్లేడు మొద్దుబారిందని అర్థం. బ్లేడు ముట్టుకునే ముందు కరెంటు ప్లగ్గు పీకాలి, పెట్రోలు మిషన్ అయితే స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీయాలి.

5. ఎరువు వేయండి. వానాకాలంలో యూరియా వంద చదరపు అడుగులకు వంద గ్రాములు మించకూడదు. గడ్డి పొడిగా ఉన్నప్పుడు ఇసుకలో కలిపి సమంగా చల్లి, వెంటనే నీళ్లు పెట్టాలి. పిడికిలి పిడికిలి విసిరితే పడిన చోటల్లా మాడుతుంది.

నీళ్లూ ఎరువూ ఉన్నా కొత్త ఆకు పసుపుపచ్చగా వస్తుంటే చాలాసార్లు కారణం బోరు నీటి క్షారగుణమే. నేలలో ఇనుమున్నా వేరుకు అందదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పిచికారీ చేద్దాం. టైల్స్ మీద పడితే తుప్పు మరక పోదు, ముందే గోనె కప్పండి.

6. ఎండాకాలం పని. కోత తగ్గిన రోజుల్లోనే కలుపు తీయడం, నేల గుల్ల చేయడం, పల్లాలు పూడ్చడం. తుంగను పైన లాగితే గడ్డ లోపలే ఉండి మళ్లీ మొలుస్తుంది, గునపంతో గడ్డతో సహా తీయాలి. గట్టిపడిన ఎర్రనేలలో మూడు నాలుగంగుళాల లోతు రంధ్రాలు చేసి, జల్లించిన ఇసుక, ఎర్రమట్టి, మాగిన ఎరువు పలచగా చల్లండి. ఆకు కొసలు కనిపిస్తూనే ఉండాలి. ఈ పల్లాలు పూడ్చే పని మే నెల జల్లులు పడేటప్పుడు చేస్తే గడ్డి త్వరగా అల్లుకుంటుంది.

నీళ్ల సంగతి మొదటి రోజే మాట్లాడండి. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తోటలకు తాగునీరు వాడకూడదని చెప్పి 5,000 రూపాయల జరిమానా పెట్టింది. నగరం వైపు పని ఒప్పుకుంటే అపార్ట్‌మెంటు మురుగునీటి శుద్ధి ప్లాంటు (ఎస్టీపీ)లో శుద్ధి చేసిన నీరు లాన్ దాకా వస్తుందా అని చూడండి. రోజూ నాలుగు చుక్కలు చల్లడం కంటే మూడు రోజులకోసారి లోతుగా తడపడం మేలు, వేరు కిందికి దిగుతుంది.

7. ధర కట్టండి. కూలి, పెట్రోలు, బండి, సాన, మిషన్ అరుగుదల అన్నీ కలిపి రోజు ఖర్చు 2,400 అయిందనుకుందాం. రోజుకు మూడు ఇళ్లు చేయగలిగితే ఒక్కోదానికి 800 ఖర్చుకే పోతుంది. మన మిగులు కలిపి 1,100 అడుగుదాం. జూన్ నుంచి నవంబరు దాకా పది రోజులకోసారి 18 రాకలు, మిగతా ఆరు నెలలు మూడు వారాలకోసారి 8 రాకలు. మొత్తం 26, అంటే ఏడాదికి 28,600. పన్నెండుతో భాగిస్తే నెలకు దాదాపు 2,400. ఏడాదంతా నెలనెలా ఒకే మొత్తం తీసుకుంటే వాళ్లకూ సులువు, మనకు మార్చిలోనూ కూలి ఇవ్వగలిగే ధైర్యం. ఎరువు, మట్టి ఖర్చు విడిగా రాయండి.

సాధారణంగా జరిగే తప్పులు

ఫోన్‌లోనే రేటు చెప్పేయడం అందరూ చేసేదే. స్థలం చూడకుండా అంకె చెప్పొద్దు.

మొదట్లోనే వైట్‌ఫీల్డ్ నుంచి నరసాపుర దాకా పని ఒప్పుకోవడం ఇంకో తప్పు. రోజంతా రోడ్డు మీదే గడుస్తుంది. ఒకే లేఅవుట్‌లో నాలుగు ఇళ్లు దొరికేదాకా అక్కడే తిరగండి. ఆదివారం తెల్లవారుజామున హొసకోటె బిర్యానీ కోసం నగరం నుంచి కార్లు బారులు తీరతాయి, ఆ పూట దూరపు పని పెట్టుకోవద్దు.

వేడి ఇంజన్‌లో పెట్రోలు పోయకండి. చల్లారాక, గడ్డి మీద కాకుండా గట్టు మీద పోయండి. గడ్డి మీద ఒలికితే అక్కడ మాడిపోతుంది.

ఒక ఇంట్లో కలుపు గింజలు, పురుగు గుడ్లు మిషన్ అడుగున అంటుకుని ఇంకో ఇంటికి చేరతాయి. బయల్దేరే ముందు ప్లగ్గు పీకి, అడుగు భాగం బ్రష్‌తో గీకి తుడవండి.

చివరిగా, కోసిన గడ్డిని రోడ్డు పక్కన పారబోయకండి. మందు కొట్టని లాన్ అయితే పశువులున్నవాళ్లను అడిగి అదే రోజు పచ్చిగా ఇచ్చేయండి. లేదా లేఅవుట్ మూలలో ఎరువు గుంటకు అనుమతి తీసుకోండి. ఎండాకాలంలో మనం లాన్ మీద చల్లే మాగిన ఎరువు ఆ గుంటలోంచే వస్తుంది.