కాలిన గాయానికి వెండి మందు

కాలిన గాయాలకు డాక్టరు గారు రాసే తెల్లని క్రీములలో సిల్వర్ సల్ఫాడయాజిన్ ఒకటి. చర్మం కాలితే క్రిములను ఆపే గోడ కూలినట్టే. ఈ క్రీములోని వెండి ఆ క్రిములను చంపి, గాయం చీము పట్టకుండా కాపాడుతుంది.

అయితే కాలిన వెంటనే కావలసింది క్రీము కాదు, నీళ్లు. కాలిన చోటును 20 నిమిషాలు కుళాయి ధార కింద ఉంచండి. పసుపు, సిరా, టూత్‌పేస్టు పూయకండి.

ఇంట్లో కట్టు మార్చమని చెప్పినప్పుడు ఇలా చేయండి:

1. ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి.
2. పాత క్రీమును శుభ్రమైన నీటితో మెల్లగా కడిగేయండి. దానిమీదే పూస్తే కొత్త మందు గాయానికి అందదు.
3. కొత్త క్రీమును సుమారు 1.5 మిల్లీమీటర్ల మందాన పూసి, శుభ్రమైన గాజుగుడ్డతో కప్పండి.

ఈ క్రీము వల్ల గాయంపై తెల్లని పొర రావచ్చు. అది చీమేమోనని గోకకండి, నర్సుకు చూపించండి. దుర్వాసన, జ్వరం, చుట్టూ ఎర్రదనం పెరగడం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి రండి.

సల్ఫా మందులు పడనివారు, గర్భిణులు ముందుగానే డాక్టరుకు చెప్పాలి. 2 నెలల లోపు పసిబిడ్డలకు సొంతంగా పూయకండి. ఇంట్లో మిగిలిన ట్యూబును చిన్న చిన్న గాయాలకు వాడకండి. అవి మానడం ఆలస్యం కావచ్చు.