బొమ్మకొక చిరునామా

పాఠ్యభాగ పరిచయం

గ్రంథాలయంలో పుస్తకాలను అమర్చడం ఒక శాస్త్రం. కంప్యూటరులో బొమ్మల కథలను, ఛాయాచిత్రాలను అమర్చడం కూడా అటువంటి శాస్త్రమే. ఇంటింటా వేలసంఖ్యలో చిత్రాలు పోగుపడుతున్న ఈ కాలంలో, వాటిని క్రమపద్ధతిలో చేర్చుకొనే విధానాన్ని, దాని వెనుకనున్న ఆలోచనను వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

శంషాబాదులోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయంలో ప్రయాణికుడు తన పెట్టెను అప్పగించగానే, సిబ్బంది దాని పిడికి ఒక కాగితపు చీటీ చుడతారు. చేరవలసిన ఊరికి గుర్తుగా మూడక్షరాలు, పది అంకెల సంఖ్య, యంత్రం చదువుకొనే నల్లగీతలు ఆ చీటీమీద ఉంటాయి. ఒకే అంగడిలో కొన్న రెండు ఎర్రపెట్టెలు పక్కపక్కనే సాగిపోతున్నా, ఒకటి ఢిల్లీకి, మరొకటి దుబాయికి చేరడానికి ఆ చీటీయే ఆధారం. చీటీ ఊడిపోతే ఎంత విలువైన పెట్టె అయినా దిక్కులేనిదవుతుంది.

కంప్యూటరులోని బొమ్మ స్థితి కూడా ఇదే. అక్షరాలతో నిండిన ఫైలును అందులోని ఒక మాటతో వెతికి పట్టవచ్చు. బొమ్మ అలా పలకదు. ముఖాలను, వస్తువులను పోల్చే సాఫ్ట్‌వేర్లు నేడు వచ్చిన మాట నిజమే. అయినా ఆ ముఖం ఎవరిదో, ఆ సంవత్సరం ఏదో మొదట మనిషి చెప్పవలసిందే.

తెలుగువారికి సుపరిచితమైన 'చందమామ'నే ఉదాహరణగా తీసుకొందాం. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో మద్రాసులో ఈ మాసపత్రికను ప్రారంభించారు. కొడవటిగంటి కుటుంబరావు దీర్ఘకాలం దానిని తీర్చిదిద్దారు. వడ్డాది పాపయ్య, చిత్రా, శంకర్ వంటి చిత్రకారులు దానికి రూపమిచ్చారు. భుజాన శవంతో, చేత కత్తితో శ్మశానంలో నడిచే విక్రమార్కుని శంకర్ బొమ్మ తరతరాల పిల్లల మనసుల్లో నిలిచిపోయింది. ఇప్పుడా పత్రిక వెలువడడం లేదు. మిగిలినవి పాత సంచికలు, వాటికి తీసిన స్కాన్ ప్రతులు మాత్రమే. ఏడాదికి పన్నెండు సంచికల చొప్పున యాభై ఏళ్ళకు 600 సంచికలు. ఒక్కొక్కదానిలో 60 పుటలున్నాయనుకొంటే 36,000 బొమ్మలు! ఇన్నింటినీ ఒకే ఫోల్డరులో కుమ్మరిస్తే అది భాండాగారం కాదు, గడ్డివాము.

దీనికి మొదటి ఉపాయం పెద్దదానిలో చిన్నదాన్ని అమర్చడం. పత్రిక పేరుతో ఒక ఫోల్డరు, అందులో సంవత్సరం, అందులో నెల, ఆ లోపల పుటలు. మొదటి సంచిక మొదటి పుట 'చందమామ / 1947 / 1947-07 / చందమామ-1947-07-001' అనే చోట ఉంటుంది. బొమ్మల కథలను చదివించే సాఫ్ట్‌వేరులో ఈ నమూనాను ఒకసారి నిర్దేశిస్తే, అది ఫోల్డర్ల పేర్లను చదువుకొని పత్రిక, సంవత్సరం, సంచిక వివరాలను తానే నింపుకొంటుంది. పేర్లలో క్రమం తప్పితే యంత్రం కూడా తప్పుతుంది. ఒక సంచిక పుటలన్నింటినీ ఒకే మూటగా కట్టే 'సీబీజెడ్' ఫైలులోనూ ఇదే నియమం. అది నిజానికి పేరు మార్చుకొన్న జిప్ ఫైలే. కనుక లోపలి పుటల వరుసకు వాటి పేర్లే ఆధారం.

రెండవ ఉపాయం అంకెలను సమాన నిడివిలో రాయడం. అక్షరక్రమాన్ని మాత్రమే పాటించే యంత్రం 1 తరువాత 2ను కాక 10ని నిలుపుతుంది. 001, 002, 010 అని రాస్తే ఆ చిక్కు తీరుతుంది. నెలలకు పేర్లు కాక అంకెలు వాడడానికి కూడా కారణమిదే. అకారాది క్రమంలో అక్టోబరు, ఆగస్టు, ఏప్రిల్ ముందు నిలిచి, జనవరి నాలుగవ స్థానానికి జారుతుంది.

మూడవ ఉపాయానికి మళ్ళీ విమానాశ్రయమే పాఠం చెబుతుంది. 2008 మార్చిలో విమాన రాకపోకలు బేగంపేట నుండి శంషాబాదుకు తరలినప్పుడు 'హెచ్.వై.డి.' అనే గుర్తు కూడా వెంట వచ్చింది. చోటు మారినా గుర్తు నిలిచింది. అట్లే ఫైలు పేరులోనే పత్రిక, సంవత్సరం, నెల, పుట ఉంటే, అది ఏ ఫోల్డరులోకి జారిపోయినా తానెవరో చెప్పుకోగలదు. 'కొత్తది', 'కొత్తది 2', 'చివరిది' వంటి పేర్లు పాత ప్రయాణపు చీటీలవంటివి, దారి తప్పిస్తాయి.

ఈ జాగ్రత్త పత్రికలకే పరిమితం కాదు. విమానాశ్రయం రాకముందరి శంషాబాదు పరిసరాల పొలాలు, బావులు, అమ్మపల్లి రామాలయం ముంగిట దిగిన కుటుంబ చిత్రాలు ఏ ఇంటి పెట్టెలోనో ఉండవచ్చు. వాటిని నేడు స్కాన్ చేస్తే, యంత్రం ఫైలులో నమోదు చేసేది స్కాన్ చేసిన తేదీనే. తేదీని బట్టి ఫోల్డర్లు కట్టే సాఫ్ట్‌వేరు 1985 నాటి పెళ్ళిని నేటి బొమ్మల మధ్య కూర్చోబెడుతుంది. కాబట్టి మూలప్రతిని విడిగా భద్రపరచి, చిత్రం తీసిన ఏడాదిని పేరులో చేర్చాలి. ఆ ఏడాది ఏదో, బావిగట్టున నిలిచినవారెవరో చెప్పగలవారు ఇంటి పెద్దలు. వారిని అడగవలసింది నేడే. యంత్రం రేపైనా దొరుకుతుంది. ఆ జ్ఞాపకం దొరకదు.

పేరు చెడితే ఏమవుతుందో 'డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా' అనుభవం తెలుపుతుంది. రాజ్ రెడ్డి ప్రేరణతో సాగిన ఈ మహాయత్నంలో హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ ముఖ్య భాగస్వామి. వేలాది తెలుగు పుస్తకాలు అందులో చిత్రాలుగా మారాయి. అయితే చాలా పుస్తకాల పేర్లు రోమన్ లిపిలో, ఒక్కొక్కచోట ఒక్కొక్క వర్ణక్రమంతో నమోదయ్యాయి. పుస్తకం ఉన్నా, వెతికినవారికి కనబడలేదు. తరువాత ఔత్సాహికులు ఆ పేర్లను తెలుగులో జాబితాలుగా రాయడంతో ఎన్నో గ్రంథాలు మళ్ళీ పాఠకుల చేతికందాయి.

ఒక హెచ్చరిక అవసరం. అమర్చుకొనే హక్కు వేరు, పంచిపెట్టే హక్కు వేరు. మన దేశంలో రచయిత, చిత్రకారుల హక్కు సాధారణంగా వారి మరణానంతరం 60 ఏళ్ళ వరకు ఉంటుంది. దానిని గౌరవించడం పాఠకుని ధర్మం.

దాచడం వేరు, పోగువేయడం వేరు. రేపు వెతికేవారిని తలచుకొని నేడు పేరు పెట్టడమే దాచడం.

అర్థాలు

పిడి = పట్టుకొనే భాగం
భాండాగారం = వస్తువులను భద్రపరచే చోటు
అకారాది = అకారం మొదలుగా గల అక్షరక్రమం
ఔత్సాహికులు = ఉత్సాహంతో స్వచ్ఛందంగా పనిచేసేవారు

సంధులు

బొమ్మకు + ఒక = బొమ్మకొక (ఉత్వ సంధి)
విమాన + ఆశ్రయం = విమానాశ్రయం (సవర్ణదీర్ఘ సంధి)

ప్రశ్నలు

1. చిత్రాలను అమర్చడానికి పాఠంలో చెప్పిన మూడు ఉపాయాలను వివరించండి.
2. 'చోటు మారినా గుర్తు నిలిచింది' – సందర్భాన్ని తెలిపి వ్యాఖ్యానించండి.
3. స్కాన్ చేసిన పాత చిత్రాల విషయంలో తేదీని ఎందుకు నమ్మరాదు?
4. మీ ఇంటిలోని ఐదు పాత చిత్రాలను గూర్చి పెద్దలను అడిగి, ఒక్కొక్కదానికి తగిన పేరు రాయండి.