మద్యవ్యసనము: దేహహానియు, విముక్తిమార్గమును

కల్లు, సారాయి మొదలగు మాదకద్రవ్యముల విషయమై మనలో విద్యావంతులు సయితము రెండు పొరపాట్లు పడుచున్నారు. దుకాణము మూసినచో వ్యసనమును నశించునని కొందఱు. త్రాగుబోతు బుద్ధిహీనుడే గాని రోగి కాడని కొందఱు. ఈ రెండు తలంపులును సరియైనవి కావని చూపుటయే యీ పాఠమునకు బ్రయోజనము.

మన సీమ చరిత్రమే యిందులకు దృష్టాంతము. రాజగోపాలాచారిగారి మంత్రివర్గము 1937వ సంవత్సరమున మద్యనిషేధ శాసనమును గావించి, అక్టోబరు 1వ తేదీన సేలము జిల్లాలో దాని నమలుపఱచెను. మఱుసటి యేడు అదే తేదీన చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసెను. మదనపల్లె, పుంగనూరు, కుప్పము నాడు చిత్తూరు జిల్లాలోనివే. పిమ్మట 1995 జనవరి 16వ తేదీన ఆంధ్రప్రదేశమంతటను సంపూర్ణ నిషేధము వచ్చి, 1997లో సడలింపబడెను. శాసనములు వచ్చినవి, పోయినవి, వ్యసనము నిలిచినది. కుప్పమున కొకప్రక్క కన్నడసీమ, మఱియొకప్రక్క అరవసీమ. ఒక ప్రభుత్వము యొక్క యాజ్ఞ పొరుగుసీమ దుకాణమును మూయజాలదు గదా! నిషేధము నిరర్థకమని చెప్పుట కాదు. అది క్రొత్తవాని నడ్డగింపవచ్చును. పాతవానికి వైద్యము వేఱుగా వలయును.

ఏలయన, వ్యసనము దేహములో వేరూనిన రోగము. మద్యము మెదడును మందగింపజేయును. నిత్యము త్రాగువాని మెదడు అందులకు బ్రతిగా దన్ను దాను ఉద్రేకపఱచుకొనుట కలవాటుపడును. తటాలున మానినచో మందతనము తొలగి యుద్రేకము మాత్రమే మిగులును. కొన్ని గంటలలో చేతులు వణకును, చెమట పట్టును, నిద్ర రాదు. ఒకటి రెండు దినములలో కొందఱికి మూర్ఛలు వచ్చును. రెండు మూడు దినములకు సన్నిపాతమువంటి భ్రాంతి కలిగి, లేని మనుష్యులు గనబడుదురు. చికిత్స లేనిచో ప్రాణమే పోవచ్చును. ఇది చూచి దయ్యము పట్టెనని యింటివారు భూతవైద్యుని బిలుచుట కలదు. వలసినది మంత్రము గాదు. ఆసుపత్రి, బి-1 విటమిను, నరములను శాంతింపజేయు మందు.

ఇక మానక త్రాగువాని గతి యెట్టిది? కాలేయము మొదట క్రొవ్వుపట్టి, పిదప వాచి, కడకు గట్టిపడును. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే మద్యమును క్యాన్సరు కారకములలో జేర్చినది. మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరపు క్షయచికిత్సాలయము నెఱుగనివారు లేరు. అధికపానము ఆ క్షయకును దారితీయును. దొంగసారాయిలో మెథనాలు కలిసినచో కన్నులే పోవును. ప్రపంచారోగ్యసంస్థ లెక్క ప్రకారము 2019లో మద్యమువలన మృతులైనవారు 26 లక్షలు.

“మేము మితముగా, మేలైన సరకే సేవింతుము” అని పెద్దమనుష్యులు కొందఱందురు. కూలివాని సారాయిలోను, దొరల సీసాలోను ఉన్న విషమొక్కటే. కాలేయము కులభేద మెఱుగదు. ఉదయమున త్రాగక చేతులు నిలువవా? మానవలెనని తలంచి పలుమాఱు తప్పితిరా? ఇంటివారికి దాచుచున్నారా? వీనిలో నొకటి యౌనన్నను వైద్యుని జూడవలయును.

కావున సోదరులారా, మీ యింటగాని, మీ పొలమున పనిచేయువారిలోగాని యిట్టివా డున్నచో నిందింపకుడు. ఒక్కనాటిలో మానుమని నిర్బంధింపకుడు. వెంటబెట్టుకొని వైద్యునికడకు గొనిపొండు. వ్యసనవిముక్తికై ప్రభుత్వము నెలకొల్పిన 14446 అను టెలిఫోను సంఖ్య కలదు. మఱల త్రాగెనేని మఱల గొనిపొండు. జ్వరము తిరుగబెట్టిన రోగిని మనము వెలివేయము గదా!