గోపురము కట్టకమునుపు లెక్క చూచుకొనుట

పాఠ్యభాగములు: లూకా 14:28–30, దానియేలు 1వ అధ్యాయము



మన బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతములలో ఒక పిల్లవాడు విదేశపు చదువునకు వెళ్లుచున్నాడనగా ఆ యింట పండుగే. అయితే ఆ పండుగ వెనుక తాతలనాటి పొలము అమ్ముటయో, ఇల్లు బ్యాంకునకు తాకట్టు పెట్టుటయో తరచుగా జరుగుచున్నది. గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని ప్రభువు నేర్పెను గదా. ఆ లెక్కను ఈ మాసము మనము కలిసి చూతము.

మొదటిది, చేరబోవు విశ్వవిద్యాలయము నిజమైనదేనా? అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున ఫార్మింగ్టన్ అను విశ్వవిద్యాలయ ముండెను. దానికి పేరు కలదు, చిరునామా కలదు. బోధకులు లేరు, తరగతులు లేవు. వీసా మోసములను పట్టుటకై ఆ దేశపు అధికారులే దానిని రహస్యముగా నడిపిరని 2019 జనవరిలో బయటపడెను. 200 మందికి పైగా విద్యార్థులు నిర్బంధింపబడిరి. వారిలో మన తెలుగు బిడ్డలు అనేకులు. విద్యార్థులను చేర్చిన ఎనిమిదిమందిపై నేరము మోపబడెను. తెలిసి చేరినవారెవరో, నమ్మి చేరినవారెవరో మనము తీర్పు తీర్చము. ఒకటి మాత్రము చెప్పుదుము: తరగతికి రానక్కరలేదు, పని చేసికొనవచ్చునని చెప్పు చోట చదువు లేదు. విదేశీ విద్యార్థులను చేర్చుకొనుటకు అనుమతి గల విద్యాలయముల పట్టికను అమెరికా ప్రభుత్వమే ప్రకటించుచున్నది. కన్సల్టెన్సీవారి మాటతో తృప్తిపడక, ఆ పట్టికను మీ కన్నులతో చూడుడి. వారికి విద్యాలయమునుండి కమీషను వచ్చునేమో కూడ అడుగుడి.

రెండవది, సొమ్ము. ఫీజు ఒక్కటే ఖర్చు కాదు. ఇంటి అద్దె, భోజనము, ఆరోగ్య బీమా, విమానపు టిక్కెట్టు కూడ లెక్కలోనికి రావలెను. మనము అప్పు తెచ్చునది రూపాయలలో, ఫీజు కట్టునది డాలర్లలో. రూపాయి విలువ తగ్గినప్పుడెల్ల మన భారము పెరుగును. అక్కడ పని చేసి ఫీజు కట్టుదుననుట ఇసుక మీద ఇల్లు కట్టుటయే. అమెరికాలో చదువు సాగు దినములలో విద్యార్థి వారమునకు 20 గంటలకు మించి పని చేయరాదు. అదియు విద్యాలయపు ఆవరణలోనే. బయట పని చేయుటకు వేరుగా అనుమతి కావలెను. చదువు ముగిసిన వెంటనే ఉద్యోగము దొరకునని ఎవరును హామీ ఇయ్యలేరు.

మూడవది, నడవడి. దానియేలును అతని స్నేహితులును పరదేశమున మూడేండ్లు ఆ దేశపు భాషయు విద్యయు నేర్చుకొనిరి. భోజనము విషయమై మనస్సాక్షి ఒప్పనప్పుడు కలహింపక, పది దినములు పరీక్షించి చూడుమని వినయముగా అడిగిరి. మన బందరులోనే ఇట్టి సాక్ష్యము కలదు. కేంబ్రిడ్జిలో చదివిన రాబర్ట్ నోబుల్ గారు 1841లో మన దేశమునకు వచ్చి, ముందు తెలుగు నేర్చుకొని, 1843లో బందరున పాఠశాల తెరచిరి. నేటి నోబుల్ కళాశాల దాని నుండి పెరిగినదే. బోధింప వచ్చినవారే మొదట విద్యార్థులైరి. మన బిడ్డలును వెళ్లకమునుపే ఆ భాషలో ధారాళముగా వ్రాయుట నేర్చుకొనవలెను. ఇతరుల వ్రాతను తనదిగా చూపుట అక్కడ గొప్ప తప్పుగా ఎంచబడును; దాని వలన చదువే పోవచ్చును.

తలిదండ్రులకు ఒక మనవి. కష్టములో బిడ్డ ఫోను చేసినప్పుడు, “నీ కొరకు పొలము అమ్మితిమి” అను మాట ఎత్తకుడి. ఆ మాటకు భయపడియే బిడ్డలు నిజము దాచుదురు. దాచిన కొలది చిక్కు బిగియును. తప్పిపోయి వచ్చిన కుమారునికి ఎదురు పరుగెత్తిన తండ్రిని జ్ఞాపకము చేసికొనుడి. పొలము మరల కొనవచ్చును, బిడ్డను కొనలేము.

ఇంటిల్లిపాది ఆలోచించుటకు:
1. ఈ చదువు మన బిడ్డ కోరినదా, ఇరుగుపొరుగు చూచి మనము కోరినదా?
2. ఉద్యోగము ఏడాది ఆలస్యమైన యెడల అప్పు ఎట్లు తీర్తుము?
3. కష్టము వచ్చిన దినమున బిడ్డ మొదట ఎవరితో చెప్పుకొనును?

ఈ మూడింటికి జవాబు దొరికిన తరువాతనే పునాది వేయుదము.