అద్భుతకథలలో బానిసత్వము, అంటరానితనము

బొబ్బిలి యుద్ధము 1757లో జరిగినదని మన పాఠ్యపుస్తకములు చెప్పును. కాని తాండ్ర పాపారాయుని పేరు మన యూరి బాలురకు పాఠ్యపుస్తకమువలన తెలిసినది గాదు. జంగముకథలవలనను, ఇంటిలోని పెద్దల మాటలవలనను తెలిసినది. జరిగినదానిని మఱవకుండ నిలుపుటలో కథ యెంత పనిచేయునో మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఇట్టి పనికే అమెరికాలోని నల్లజాతి రచయితలు విజ్ఞానకల్పనాకథలను వాడుకొనిరి. తోకచుక్కలు, అంతరిక్షయానములు, గతించిన కాలమునకు మరల పోవుట మొదలగు వింతలుగల యీ కథలను విద్యార్థులు కాలక్షేపమునకే చదువుదురు. ఆ వింతలతోనే బానిసత్వమును, వర్ణభేదమును చూపిన రెండు రచనలను, వానికి దగ్గఱి చుట్టమనదగిన తెలుగు కావ్యము నొకదానిని గూర్చి మేమిట ముచ్చటింపదలచితిమి.

బానిసత్వము మనకు బొత్తిగా దూరపు సంగతి యని తలంపరాదు. బ్రిటిషు సామ్రాజ్యమున దానిని రద్దుచేయు చట్టము 1833లో పుట్టెను. అంతట మారిషసు చెఱకుతోటలలో బానిసల స్థానమును నింపుటకు కూలీలు కావలసివచ్చిరి. నాడు బొబ్బిలి విశాఖపట్టణము జిల్లాలోనిది. ఆ జిల్లానుండియు, గంజామునుండియు తెలుగువారు ఒడంబడికకూలీలై మారిషసునకును, 1860 మొదలు దక్షిణాఫ్రికాలోని నేటాలునకును ఓడలెక్కిరి. వారు బానిసలు కారు. గడువు ముగిసిన పిమ్మట స్వతంత్రులు. ఈ భేదము చిన్నది గాదు. అయినను బానిసలు విడిచిన తోటలలో మనవారి కాళ్లు తిరిగినవి.

మొదటి రచన డబ్ల్యు. ఇ. బి. డుబాయిస్ 1920లో ప్రకటించిన ‘తోకచుక్క’ యను చిన్నకథ. (1946లో డాక్టరు అంబేడ్కరు ఈ పండితునకే ఉత్తరము వ్రాసి, అంటరానివారి స్థితికిని అమెరికా నల్లవారి స్థితికిని గల పోలికను ముచ్చటించెను.) న్యూయార్కులో నొక బ్యాంకున జిమ్ అను నల్లజాతి బంట్రోతును నేలమాళిగకు పంపుదురు. అతడు పైకి వచ్చునప్పటికి తోకచుక్క విషవాయువులచే నగరమంతయు శవములదిబ్బయై యుండును. అతడొక గొప్ప భోజనశాలలో దూరి అన్నము తినును. నిన్న అచ్చట తనకు వడ్డించెడివారు కారని తలచుకొనును. ప్రాణములతో మిగిలిన తెల్లజాతి యువతి యొకతె కనబడును. లోకమున తామిద్దఱమే మిగిలితిమని తలచినప్పుడు వారికి వర్ణభేదము కరగిపోవును. ఇంతలో ఆమె తండ్రియు మఱికొందఱును వత్తురు. చచ్చినది న్యూయార్కు మాత్రమే! లోకము బ్రతికియున్నది, దానితోపాటు భేదమును బ్రతికియే యున్నది.

రెండవది ఆక్టేవియా బట్లరు 1979లో వ్రాసిన ‘కిండ్రెడ్’ అను నవల. ఆ మాటకు రక్తబంధువులని యర్థము. బట్లరు తల్లి తెల్లవారి యిండ్లలో పనిమనిషి. పూర్వులు అణగియుండి తమ్ము వెనుకకు లాగిరని కోపించిన యొక తోటివిద్యార్థి మాటలు ఆమె మనస్సున నాటి, యీ కథకు బీజమైనవి. 1976లో కాలిఫోర్నియాలో నున్న డానా యను నల్లజాతి రచయిత్రి యున్నట్టుండి పందొమ్మిదవ శతాబ్దపు మేరీలాండులో పడును. అచ్చట రూఫసు అను తెల్లజాతి బాలునకు ప్రాణాపాయము కలిగినప్పుడెల్ల ఆమెకు ఈ ప్రయాణము తప్పదు. అతడు బానిసల యజమాని కొడుకు. ఆమె పూర్వులలో నొకడు. అతడు సంతానము పొందకమున్నే చచ్చెనా, డానా పుట్టదు. కావున తన వారిని బాధించువానిని తానే బ్రతికింపవలయును. ఒక బానిసబాలునకు చదువు నేర్పుచు పట్టుబడినందులకు ఆమెకు కొరడాదెబ్బలు తగులును. పలకాబలపములు ఇంటనే దొరకు మన పిల్లలు ఈ ఘట్టమున కొంచెము నిలువవలయును. కడపటి ప్రయాణమున డానా ఎడమచేతిని కోల్పోవును. ఆమెను చెక్కుచెదరక తిరిగి తెచ్చుటకు బట్లరునకు మనసొప్పలేదు.

కాలమున వెనుకకు పోవు విధమెట్టిదో యీ నవలలో ఎచ్చటను చెప్పబడలేదు, యంత్రమును లేదు. అందుచే బట్లరే దీనిని విజ్ఞానకథ యనక, క్రూరమైన యద్భుతకల్పన యనెను. మాకును అది సమంజసముగనే తోచుచున్నది. ఒక్క యసాధ్యమును మాత్రము చేర్చి, తక్కినదంతయు ఉన్నదున్నట్లుంచుటయే యీ కథల కీలకము. ఆ యొక్క వింత పక్కనుండుటవలన, నిత్యము చూచుచు అలవాటుపడిన అన్యాయమే అంతకంటె వింతగా కనబడును.

ఈ దృష్టితో చూచినచో గుఱ్ఱము జాషువా 1941లో వెలువరించిన ‘గబ్బిలము’ పరాయిది గాదు. వినుకొండలో 1895లో క్రైస్తవకుటుంబమున పుట్టి, అంటరానితనపు బాధ ననుభవించి, బడిపంతులుగా పనిచేసిన కవి యాయన. కాళిదాసుని యక్షుడు మేఘమును పంపెను. నలదమయంతులకు హంస దొరకెను. జాషువా కథానాయకుడు అంటరాని పేద. అతనికి దొరకిన దూత గబ్బిలము, ఇల్లు చొచ్చిన నశుభమని మనము తఱిమెడి ప్రాణి. తన దుఃఖమును కాశీలోని శివునకు విన్నవింపుమని, పూజారి దగ్గఱ లేని వేళ చూచి చెవిలో చెప్పుమని యతడు దానిని వేడుకొనును.

డుబాయిస్ కథలో నల్లవాడు భోజనశాల చొచ్చుటకు నగరమంతయు చావవలసివచ్చెను. డానా కాలమునే దాటవలసివచ్చెను. జాషువాకు అంతటి వింత యక్కఱలేకపోయెను. గబ్బిలము గుడిలో వ్రేలాడుట అసాధ్యమా? దినదినమును చూచుచున్నదే. అది మాటలాడుట మాత్రమే కల్పన. మనుష్యునకు మూసిన తలుపు గబ్బిలమునకు తెఱచియుండుట కల్పన కాదు. మూడింటిలోను మమ్ము మిక్కిలి నొప్పించినది ఇదియే.

ఆ కావ్యము వెలువడిన 6 సంవత్సరములకు, 1947లో, మదరాసు రాష్ట్రమున దేవాలయప్రవేశపు చట్టము వచ్చెను. 1950లో అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగపు 17వ అధికరణము అంటరానితనమును రద్దుచేసినది.

‘గబ్బిలము’ పద్యకావ్యము గనుక పిల్లలు దానిని బిగ్గరగా చదువుకొనుట మంచిది. ‘కిండ్రెడ్’లో హింస కఠినముగా వర్ణింపబడినది, పై తరగతులవారు ఉపాధ్యాయుల తోడ్పాటుతో చదువవలయును. ‘తోకచుక్క’ ఒక సాయంకాలమున ముగియును.